ఫుట్‌రెస్ట్ రోడ్డుకు రాసుకుంటే ప్రో రైడర్ అయిపోయినట్టేనా? ఫోన్ చూపించే లీన్ యాంగిల్ వెనక అసలు లెక్క ఇదీ!

రీల్స్ ఓపెన్ చేస్తే చాలు, ఘాట్ రోడ్డు మీద బైక్‌ను పడుకోబెట్టేసి, ఫుట్‌రెస్ట్ నుంచి నిప్పురవ్వలు రాలుస్తూ వెళ్లే వీడియోలు వరసపెట్టి వస్తుంటాయి. స్క్రీన్ మూలన ఒక యాప్ మీటర్ కూడా ఉంటుంది: "లీన్ యాంగిల్ 52 డిగ్రీలు". కింద అందరూ ఫైర్ ఎమోజీలు. మన ఫ్రెండ్స్ గ్రూపుల్లో కూడా ఇదే పోటీ. నీది ఎంత, నాది ఎంత?

ఈ ఆర్టికల్‌లో రెండు విషయాలు తేల్చేద్దాం. ఒకటి, ఆ మీటర్ చూపించే అంకె ఎంతవరకు నిజం? రెండు, ఫుట్‌రెస్ట్ రాసుకోవడం అంటే నిజంగా ఏమిటి? ముందే చెప్పేస్తున్నా: ఫుట్‌రెస్ట్ రాసుకోవడం మీ స్కిల్‌కు కొలత కాదు, టైరు గ్రిప్‌కు కొలత కూడా కాదు. మీ బైక్ పక్కకి వాలడానికి ఉన్న ఖాళీ అయిపోయిందని చెప్పే ఒక సౌండ్, అంతే. ఆ సౌండ్ తర్వాత ఏం మిగిలి ఉందనేది బైక్ బైక్‌కీ మారుతుంది. మీ బైక్‌కు ఎంత మిగిలి ఉందో ఇంటి దగ్గరే, ఫోన్‌తోనే కొలుచుకునే పద్ధతి కూడా కింద ఇచ్చా. కాబట్టి చివరి వరకు చదవండి.

ముందు బేసిక్స్: మలుపులో బైక్ ఎందుకు వాలాలి?

కారు మలుపు తిరిగేటప్పుడు అందులో ఉన్నవాళ్లు బయటివైపుకు తూలుతారు. బైక్‌కు రెండే చక్రాలు కాబట్టి అలా తూలితే పడిపోతుంది. అందుకే బైక్‌ను లోపలివైపుకు వంచి, కిందకి లాగే బరువును, బయటికి నెట్టే బలాన్ని బ్యాలెన్స్ చేస్తాం. ఎంత వంచాలి అనేది మన ఇష్టం కాదు. స్పీడు, మలుపు వ్యాసార్థం ఈ రెండే దాన్ని డిసైడ్ చేస్తాయి. లెక్క ఇదీ:

వేగం × వేగం ÷ (వ్యాసార్థం × 9.81) = టాన్ (లీన్ యాంగిల్)

ఇక్కడ వేగం సెకనుకు మీటర్లలో, వ్యాసార్థం మీటర్లలో ఉండాలి. గంటకు కి.మీ.లో ఉన్న స్పీడును 3.6తో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి. ఫోన్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ తెరిచి టాన్ ఇన్వర్స్ నొక్కితే చాలు. ఎక్కడా బైక్ బరువు లేదు చూశారా? 110 సీసీ కమ్యూటర్ అయినా, 300 కిలోల క్రూయిజర్ అయినా, అదే మలుపులో అదే స్పీడుకు దాదాపు అంతే వాలాలి.

నేను రెండు రకాల మలుపులకు లెక్క వేశా.

30 మీటర్ల వ్యాసార్థం ఉన్న మామూలు మలుపు:
- గంటకు 40 కి.మీ. దగ్గర 23 డిగ్రీలు
- గంటకు 50 కి.మీ. దగ్గర 33 డిగ్రీలు
- గంటకు 60 కి.మీ. దగ్గర 43 డిగ్రీలు

15 మీటర్ల వ్యాసార్థం ఉన్న హెయిర్‌పిన్:
- గంటకు 20 కి.మీ. దగ్గర 12 డిగ్రీలు
- గంటకు 30 కి.మీ. దగ్గర 25 డిగ్రీలు
- గంటకు 40 కి.మీ. దగ్గర 40 డిగ్రీలు

హెయిర్‌పిన్ లెక్క ఇంకోసారి చూడండి. 30 నుంచి 40కి, అంటే జస్ట్ 10 కి.మీ. పెంచితే కోణం 25 నుంచి 40కి దూకింది. స్పీడోమీటర్‌లో చిన్న తేడా, రోడ్డు మీద చాలా పెద్ద తేడా. ఎందుకంటే లెక్కలో వేగం రెండుసార్లు గుణించబడుతోంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కొండ రోడ్ల మార్గదర్శకాల్లో హెయిర్‌పిన్‌కు కనీస డిజైన్ వేగం గంటకు 20 కి.మీ. అని ఎందుకు పెట్టారో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

ఇంకో చిన్న పాయింట్. టైరు వెడల్పుగా ఉంటే, బైక్ వాలినప్పుడు రోడ్డుకు ఆనే చోటు లోపలివైపుకు జరుగుతుంది. దాంతో అదే మలుపుకు బైక్ ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ వాలాల్సి వస్తుంది. లుక్ కోసం వెనక లావు టైరు వేయించుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రోడ్డుకు ముందు ఏది తగులుతుంది?

చాలా బైకుల్లో ఫుట్‌రెస్ట్ కింద చిన్న బోల్టు లాంటిది వేలాడుతూ ఉంటుంది. స్పోర్ట్స్ బైక్ బ్యాచ్ దాన్ని ముద్దుగా "హీరో బ్లాబ్" అంటారు. అది స్టైల్ కోసం కాదు, వార్నింగ్ కోసం పెట్టింది. ముందు అది తగులుతుంది. ఆ తర్వాత ఫుట్‌రెస్ట్ తగిలి, స్ప్రింగ్ ఉండటం వల్ల పైకి మడుచుకుంటుంది. ఈ రెండూ సాఫ్ట్ వార్నింగులే. బైక్ లైన్ పెద్దగా మారదు.

అసలు ప్రమాదం మూడో స్టెప్‌లో ఉంది. సైలెన్సర్, డబుల్ స్టాండ్ కాలు, సైడ్ స్టాండ్ బ్రాకెట్, క్రాష్ గార్డ్, ఫ్రేమ్... ఇవి మడుచుకోవు. ఇలాంటి గట్టి భాగం రోడ్డుకు ఆని, దాని మీద ఇంకా వంచితే ఏమవుతుంది? అది గునపంలా పనిచేస్తుంది. బండి బరువు టైరు మీద నుంచి ఆ ఇనుము మీదకు మారిపోతుంది. టైరు మీద బరువు తగ్గితే గ్రిప్ కూడా తగ్గుతుంది, ఇంకొంచెం అయితే చక్రం గాల్లోకి లేస్తుంది. రైడర్ "టైరు జారింది బ్రో" అంటాడు. నిజానికి టైరు జారలేదు, దాన్ని పైకి లేపేశారు.

మన దగ్గర అమ్మే బైకులకు ఇంకో ప్రత్యేకత ఉంది. ఎడమవైపు సైడ్ స్టాండ్, శారీ గార్డ్ ఉంటాయి. చాలా బైకులకు కుడివైపు సైలెన్సర్ ఉంటుంది. షోరూమ్ నుంచి బయటికొచ్చాక మనమే క్రాష్ గార్డ్ బిగిస్తాం. అంటే ఒకే బైక్‌కు ఎడమ లిమిట్ వేరు, కుడి లిమిట్ వేరు. కుడి మలుపులో బాగానే వెళ్లింది కదా అని ఎడమ మలుపులో అంతే వంచితే లెక్క తప్పొచ్చు.

ఇక క్రూయిజర్ల సంగతి. వీటిలో కొన్నింటికి ఫుట్‌రెస్ట్ బదులు వెడల్పాటి ఫ్లోర్‌బోర్డ్ ఉంటుంది. సీటు కిందకి, కాళ్లు ముందుకు. చూడటానికి, కూర్చోవడానికి సూపర్. కానీ ఆ బోర్డు అంచు నేలకు బాగా దగ్గరగా ఉంటుంది. హార్లే డేవిడ్సన్ అయితే తన స్పెక్స్‌లోనే ఎడమ, కుడి లీన్ యాంగిల్ విడివిడిగా ఇస్తుంది. పెద్ద క్రూయిజర్లకు అది 30 డిగ్రీల చుట్టుపక్కలే ఉంటుంది. అదే మోటోజీపీ బైకులు 60 డిగ్రీలు దాటి వాలతాయి. వాళ్ల ఫుట్‌పెగ్‌లు చాలా పైన ఉంటాయి కాబట్టి మోచేయి తగులుతుంది గానీ పెగ్ తగలదు. 2023 సెప్టెంబర్‌లో గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన ఇండియన్ మోటోజీపీ రేసు చూసినవాళ్లకు ఈ సీన్ గుర్తుండే ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. పైన లెక్కలో 30 మీటర్ల మలుపును గంటకు 50 కి.మీ. స్పీడులో తీసుకోవాలంటే 33 డిగ్రీలు కావాలి. 30 డిగ్రీలకే తగిలే క్రూయిజర్ రైడర్ అక్కడ నిప్పురవ్వలు రాలుస్తాడు. పక్కనే స్పోర్ట్స్ బైక్ మీద అదే స్పీడులో వెళ్లేవాడికి ఏ సౌండూ రాదు. ఎవరు పెద్ద రైడర్? ఆ సౌండ్ ఏమీ చెప్పదు.

క్లియరెన్స్ వేరు, గ్రిప్ వేరు

చాలామంది కన్ఫ్యూజ్ అయ్యేది ఇక్కడే. "ఫుట్‌రెస్ట్ రాసుకునేదాకా టైరు జారదు" అని ఒక నమ్మకం ఉంది. ఇది చాలా డేంజరస్.

లీన్ యాంగిల్ టాన్ విలువే, ఆ మలుపులో టైరుకు కావాల్సిన గ్రిప్. 45 డిగ్రీలకు టాన్ విలువ 1, అంటే బండి బరువుతో సమానమైన బలాన్ని టైరు పక్కకి తట్టుకోవాలి. 30 డిగ్రీలకు 0.58 చాలు. పొడి తారు రోడ్డు మీద మంచి టైరుకు ఇది సమస్య కాదు. అందుకే ఎండలో, శుభ్రమైన రోడ్డు మీద క్రూయిజర్‌కు ముందు ఫ్లోర్‌బోర్డ్ తగులుతుంది, టైరులో ఇంకా గ్రిప్ మిగిలే ఉంటుంది.

అదే రోడ్డు తడిసి, గ్రిప్ 0.5కి పడిపోయిందనుకోండి. ఇప్పుడు టైరు 27 డిగ్రీల దగ్గరే జారిపోతుంది. ఫ్లోర్‌బోర్డ్ తగలడానికి ఇంకా 3 డిగ్రీలు ఉంది. అంటే వార్నింగ్ సౌండ్ రాకముందే పడిపోతారు. మలుపులో ఇసుక, డీజిల్ మరక, ఎండుటాకులు ఉంటే గ్రిప్ ఇంకా కింద ఉంటుంది.

రెండు లిమిట్లు ఉన్నాయి. ఏది ముందు వస్తే అదే మీ లిమిట్. అందులో ఒకటి రోజూ, ప్రతి మలుపులోనూ మారుతూ ఉంటుంది.

ఫోన్ మీటర్ ఎందుకు తప్పు చెబుతుంది?

ఇప్పుడు మన సైట్ సబ్జెక్ట్‌లోకి వద్దాం. ఫోన్‌లో లెవెల్ చూసే టూల్స్, సింపుల్ ఇంక్లినోమీటర్ యాప్‌లు యాక్సిలరోమీటర్ మీద ఆధారపడతాయి. అది "కింద ఎటువైపు ఉంది" అని చూసి కోణం చెబుతుంది. ఫోన్ టేబుల్ మీద ఉన్నప్పుడు ఇది పక్కాగా పనిచేస్తుంది.

కానీ మలుపులో ఉన్న బైక్ మీద? అక్కడ కిందకి లాగే బరువు, బయటికి నెట్టే బలం రెండూ కలిసి ఒకే బలంగా మారతాయి. దాని దిశ ఎటు అనుకుంటున్నారు? సరిగ్గా బైక్ వాలిన దిశలోనే, సీటులోకి నొక్కుతున్నట్టుగా. బ్యాలెన్స్ అంటేనే అది కదా. కాబట్టి యాక్సిలరోమీటర్ దృష్టిలో బైక్ అసలు వాలలేదు. కోణం సున్నా దగ్గరే చూపిస్తుంది.

నమ్మకం కలగకపోతే ఇలా ఊహించుకోండి. ట్రాన్స్‌పరెంట్ బాటిల్‌లో సగం నీళ్లు పోసి బైక్‌కు నిటారుగా బిగించారు. నున్నగా మలుపు తిరుగుతున్నప్పుడు బైక్ 30 డిగ్రీలు వాలినా, బాటిల్‌లో నీళ్ల మట్టం బైక్‌తో పాటే వాలుతుంది. బాటిల్‌కు అడ్డంగానే ఉంటుంది, పక్కకి ఒలికిపోదు. యాక్సిలరోమీటర్ కూడా ఆ నీళ్ల లాంటిదే.

నేను ఖాళీ గ్రౌండ్‌లో సుమారు 10 మీటర్ల వ్యాసార్థంతో సున్నం వలయం గీసి, గంటకు 25 కి.మీ. దగ్గర తిరుగుతూ చెక్ చేశా. లెక్క ప్రకారం 26 డిగ్రీలు ఉండాలి. జాకెట్ లోపల ఛాతీ దగ్గర ఫోన్‌ను బిగించి రికార్డ్ చేస్తే, సింపుల్ ఇంక్లినోమీటర్ యాప్ సున్నాకు అటూ ఇటూ ఊగుతూ ఉండిపోయింది. వలయంలోకి వెళ్లేటప్పుడు, బయటికి వచ్చేటప్పుడు మాత్రం అంకెలు ఎగిరాయి. రీల్స్‌లో కనిపించే "52 డిగ్రీలు" చాలాసార్లు ఇలాంటి కుదుపుల్లో, గతుకుల్లో వచ్చే పీక్ అంకే.

మరి కరెక్ట్‌గా కొలవాలంటే?

దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది జైరోస్కోప్. ఇది బైక్ ఎంత వేగంగా పక్కకి వాలుతోందో కొలుస్తుంది. సెకనుకు ఎన్ని డిగ్రీలు అనేది కూడుకుంటూ పోతే మొత్తం కోణం వస్తుంది. సమస్య ఏంటంటే, ప్రతి కొలతలో ఉండే చిన్న తేడా కూడా కూడుకుంటూ పోతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. కొంతసేపటికి బైక్ నిటారుగా ఉన్నా మీటర్ కొన్ని డిగ్రీలు చూపిస్తుంది.

రెండోది స్పీడు, తిరిగే రేటు కలిపి లెక్క వేయడం. జీపీఎస్ నుంచి స్పీడు, జైరో నుంచి బైక్ దిశ మారే రేటు తీసుకుంటే పైన చెప్పిన ఫార్ములాతోనే కోణం వస్తుంది. ఉదాహరణకు, గంటకు 50 కి.మీ. వేగంతో, సెకనుకు 26.5 డిగ్రీల చొప్పున దిశ మారుతోందంటే మీరు 30 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతున్నారని అర్థం. లీన్ యాంగిల్ 33 డిగ్రీలు. కానీ ఫోన్ జీపీఎస్ సాధారణంగా సెకనుకు ఒకసారే అప్‌డేట్ అవుతుంది. చిన్న మలుపు రెండు మూడు సెకన్లలో అయిపోతుంది కాబట్టి పూర్తి నమ్మకం ఉండదు.

మంచి బైకుల్లో ఉండే సిక్స్-యాక్సిస్ ఐఎంయూ ఈ రెండు పద్ధతుల్నీ కలుపుతుంది. మూడు దిశల్లో యాక్సిలరేషన్, మూడు దిశల్లో తిరిగే రేటు, వాటికి తోడు చక్రాల స్పీడ్ సెన్సర్ల డేటా. డ్రిఫ్ట్‌ను ఎప్పటికప్పుడు సరిచేసుకుంటూ ఉంటుంది. బాష్ కంపెనీ మోటార్‌సైకిల్ స్టెబిలిటీ కంట్రోల్ పేరుతో ఈ టెక్నాలజీని 2014 మోడల్ కేటీఎం 1190 అడ్వెంచర్‌లో తీసుకొచ్చింది. ఇప్పుడు మన మార్కెట్‌లో కేటీఎం 390 డ్యూక్‌లో కార్నరింగ్ ఏబీఎస్ వస్తోంది. టీవీఎస్ అపాచీ ఆర్‌టీఆర్ 310కి కూడా సిక్స్-యాక్సిస్ ఐఎంయూ ఆప్షన్ ఉంది.

కార్నరింగ్ ఏబీఎస్ ఏం చేస్తుందంటే, బైక్ ఎంత వాలి ఉందో చూసి, బ్రేక్ ప్రెషర్‌ను ఎంతవరకు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. మలుపు మధ్యలో భయపడి బ్రేక్ గట్టిగా నొక్కినా చక్రం లాక్ కాకుండా చూస్తుంది. బడ్జెట్ ఉంటే తీసుకోవాల్సిన ఫీచరే. కానీ ఇది కాపాడేది టైరు గ్రిప్‌ను. సైలెన్సర్ రోడ్డుకు ఆని చక్రాన్ని లేపేస్తుంటే ఏ ఐఎంయూ కూడా దాన్ని ఆపలేదు. లేని గ్రిప్‌ను పుట్టించలేదు, లేని క్లియరెన్స్‌ను కూడా పుట్టించలేదు.

ఫోన్‌ను ఇలా వాడండి: ఇంటి దగ్గరే క్లియరెన్స్ టెస్ట్

కదులుతున్న బైక్ మీద తప్పు చెప్పే అదే యాప్, నిలబడి ఉన్న బైక్ దగ్గర కరెక్ట్‌గా పనిచేస్తుంది. కావాల్సినవి: సమంగా ఉన్న నేల, సుద్ద ముక్క, ఒక మీటరు పొడుగున్న నిటారు కర్ర, ఇద్దరు ఫ్రెండ్స్.

1. టైర్లలో కంపెనీ చెప్పినంత గాలి పెట్టించండి. ఫోన్‌ను నేల మీద పెట్టి సున్నా చూపిస్తోందో లేదో చెక్ చేయండి.
2. నేల మీద సుద్దతో నిటారు గీత గీసి, రెండు టైర్లూ సరిగ్గా ఆ గీత మీద ఉండేలా బైక్ నిలపండి.
3. స్టాండ్ తీసేసి మీరు బైక్ మీద కూర్చోండి. ఒక ఫ్రెండ్ ముందు నుంచి హ్యాండిల్ పట్టుకుని బైక్‌ను నిటారుగా ఉంచాలి.
4. రెండో ఫ్రెండ్ కర్ర ఒక కొసను సుద్ద గీత మీద, ఫుట్‌రెస్ట్‌కు సూటిగా పెట్టి, రెండో కొసను మెల్లగా పైకి లేపాలి. కర్ర బైక్‌లో ఏదో ఒక భాగానికి తగిలిన చోట ఆపాలి.
5. బయటికి వచ్చిన కర్ర మీద ఫోన్ పెట్టి కోణం చూడండి. ఆ చోట మీ క్లియరెన్స్ సుమారుగా అదే.
6. కర్రను ముందుకు, వెనక్కి జరుపుతూ స్టాండ్, సైలెన్సర్, క్రాష్ గార్డ్ దగ్గర కూడా ఇదే చేయండి. రెండు వైపులా కొలవండి. అన్నింటికంటే తక్కువ అంకె ఏదో అదే ఆ వైపు లిమిట్.
7. ఇప్పుడు ఫుట్‌రెస్ట్‌ను చేత్తో పైకి మడిచి మళ్లీ కొలవండి. ఈ రెండు అంకెల మధ్య తేడానే మీ వార్నింగ్ గ్యాప్.

ఈ చివరి స్టెప్ చాలా ముఖ్యం. ఫుట్‌రెస్ట్ 37 డిగ్రీలకు, సైలెన్సర్ 42 డిగ్రీలకు తగిలితే, సౌండ్ వచ్చాక మీకు 5 డిగ్రీలు మిగిలి ఉన్నట్టు. ఫుట్‌రెస్ట్ కంటే ముందే గట్టి భాగం తగిలితే? వార్నింగ్ లేదన్నమాట. నా 150 సీసీ కమ్యూటర్‌కు ఎడమవైపు కర్ర ముందు తగిలింది ఫుట్‌రెస్ట్‌కు కాదు, డబుల్ స్టాండ్ కాలికి. అంటే ఎడమ మలుపుల్లో నాకు సాఫ్ట్ వార్నింగే లేదు. నేరుగా ఇనుమే. ఈ విషయం ఏ స్పెక్స్ షీట్‌లోనూ ఉండదు.

అన్నట్టు, స్పెక్స్‌లో ఇచ్చే "గ్రౌండ్ క్లియరెన్స్" వేరే. అది స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు పనికొచ్చే అంకె. పక్కకి వాలే క్లియరెన్స్ గురించి అది ఏమీ చెప్పదు.

రోడ్డు మీద ఈ అంకె ఇంకా తగ్గుతుంది

ఇంటి దగ్గర 37 వచ్చిందని రోడ్డు మీద 37 దాకా వెళ్లొచ్చని కాదు. ఎందుకో చూద్దాం.

సస్పెన్షన్ కిందకి దిగుతుంది: వాలినప్పుడు బైక్ మీద పడే బలం పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 1.15 రెట్లు, 40 డిగ్రీల దగ్గర 1.3 రెట్లు. ఆ బరువుకు సస్పెన్షన్ నొక్కుకుంటుంది. ఫుట్‌రెస్ట్ అంచు నేలకు 30 సెం.మీ. ఎత్తులో, మధ్య గీతకు 40 సెం.మీ. దూరంలో ఉంటే కోణం 37 డిగ్రీలు. సస్పెన్షన్ 4 సెం.మీ. దిగితే అది 33 అయిపోతుంది. మలుపులో గుంత వస్తే ఇంకా తక్కువ.

వెనక మనిషి, లగేజీ: ఇద్దరు ఎక్కితే వెనక సస్పెన్షన్ ముందే దిగిపోయి ఉంటుంది. డబుల్స్ ట్రిప్‌కు వెళ్లేముందు వెనక షాక్ అబ్జార్బర్ ప్రీలోడ్ పెంచండి. మెకానిక్ దగ్గర ఐదు నిమిషాల పని. కర్ర టెస్ట్ కూడా ఇద్దరూ కూర్చుని ఇంకోసారి చేయండి.

రోడ్డు వాలు: మలుపు లోపలివైపుకు రోడ్డు వాలి ఉంటే మీకు లాభం. 10 శాతం వాలు అంటే దాదాపు 6 డిగ్రీల బోనస్. కానీ చాలా రోడ్లు మధ్యలో ఎత్తుగా, రెండు అంచులకు వాలుగా ఉంటాయి. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి, అలాంటి రోడ్డు మీద కుడి మలుపులో వాలు మనకు ఎదురుగా ఉంటుంది. క్లియరెన్స్, గ్రిప్ రెండూ తగ్గుతాయి.

శరీరం పొజిషన్: ఇది మన చేతిలో ఉన్నది. 75 కిలోల రైడర్, 180 కిలోల బైక్ అనుకుందాం. ఒంటిని 10 సెం.మీ. లోపలివైపుకు జరిపితే మొత్తం బరువు కేంద్రం దాదాపు 3 సెం.మీ. జరుగుతుంది. లెక్కేస్తే అదే మలుపుకు, అదే స్పీడుకు బైక్ సుమారు 2.5 డిగ్రీలు తక్కువ వాలితే సరిపోతుంది. రేసర్లు సీటు దిగి వేలాడేది కూడా ఇందుకే. మీరు వేలాడక్కర్లేదు. భుజాలు, తల మలుపు లోపలికి తీసుకెళ్తే చాలు. దీనికి రివర్స్‌లో, ఒళ్లు నిటారుగా ఉంచి బైక్‌ను మాత్రం కిందకి తోస్తే ఫుట్‌రెస్ట్ ఇంకా ముందే తగులుతుంది. రీల్స్‌లో నిప్పురవ్వలు రప్పించే ట్రిక్ చాలాసార్లు ఇదే.

అనుకోకుండా రాసుకుంటే ఏం చేయాలి?

మొదటిసారి ఆ "కర్ర్ర్" సౌండ్ వింటే ఎవరికైనా గుండె జారుతుంది. అప్పుడు చేసే రెండు పనులు ప్రమాదం: యాక్సిలరేటర్ టక్కున వదిలేయడం, బ్రేక్ గట్టిగా నొక్కడం. రెండింటితోనూ బరువు ముందుకు దూకి, ముందు ఫోర్క్ నొక్కుకుని, ఉన్న క్లియరెన్స్ ఇంకా తగ్గిపోతుంది.

- యాక్సిలరేటర్‌ను ఉన్నచోటే నిలకడగా పట్టుకోండి.
- చూపు మలుపు చివర మీద పెట్టండి, రోడ్డు అంచు మీద కాదు.
- తల, భుజాలు లోపలికి తీసుకెళ్లండి. బైక్ దానంతట అదే కాస్త లేస్తుంది.
- పాదం ముందు భాగం ఫుట్‌రెస్ట్ మీద ఉంచండి. బూటు కొస కిందకి వేలాడితే బూటే రోడ్డుకు, ఫుట్‌రెస్ట్‌కు మధ్య నలిగిపోతుంది.
- తర్వాతి మలుపుకు ముందే, బైక్ నిటారుగా ఉన్నప్పుడే స్పీడు తగ్గించండి.

ఘాట్ రోడ్డు మీద ఇంకో లెక్క

అరకు, మారేడుమిల్లి, శ్రీశైలం ఘాట్... వీకెండ్ వస్తే మన బైకులన్నీ అక్కడే. అక్కడ గ్రిప్, క్లియరెన్స్ కాకుండా మూడో విషయం ఒకటుంది. దీని గురించి ఎవరూ మాట్లాడరు.

బైక్ వాలితే మీ తల కూడా పక్కకి వెళ్తుంది. కూర్చున్న రైడర్ తల నేలకు సుమారు 1.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది అనుకుందాం. 30 డిగ్రీలు వాలితే తల టైరు గీత నుంచి 75 సెం.మీ. లోపలికి వస్తుంది. 40 డిగ్రీలకైతే 95 సెం.మీ. పైనే. కుడి మలుపులో "లోపల" అంటే ఎటు? రోడ్డు మధ్య గీత వైపు. మీ టైర్లు మీ లేన్‌లోనే, గీతకు అరమీటరు దూరంలో ఉన్నా, తల మాత్రం ఎదురు లేన్‌లో ఉంటుంది. ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సు డ్రైవర్ మలుపు తిప్పడానికి రోడ్డంతా తీసుకుంటాడు, వేరే దారి లేదు. అక్కడ మీ లీన్ యాంగిల్ ఎంతో బస్సుకు అనవసరం.

అందుకే పబ్లిక్ రోడ్డు మీద నేను పెట్టుకున్న రూల్ సింపుల్: కర్ర టెస్ట్‌లో వచ్చిన అంకెలో సగం దాటను. 36 వస్తే 18. పైన లెక్క ప్రకారం హెయిర్‌పిన్‌లో అది గంటకు 25 కి.మీ. దగ్గర. బోర్‌గా అనిపించొచ్చు. కానీ మలుపు అవతల ఇసుకో, గేదెలో, బస్సో కనిపించినప్పుడు వాడుకోవడానికి మిగతా సగం ఉంటుంది.

నిజంగా వంచాలని ఉంటే ట్రాక్ ఉంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టైలో మద్రాస్ సర్క్యూట్, కోయంబత్తూరు దగ్గర కరి మోటార్ స్పీడ్‌వే ఉన్నాయి. ట్రాక్‌లో ఎదురు బండి రాదు, ఇసుక ఊడుస్తారు, అంబులెన్స్ రెడీగా ఉంటుంది. నేర్పించేవాళ్లు కూడా కోణం గురించి తక్కువ, చూపు, యాక్సిలరేటర్ కంట్రోల్ గురించి ఎక్కువ మాట్లాడతారు.

ఫోన్ మౌంట్ చేసేవాళ్లకు ఒక హెచ్చరిక

లీన్ యాంగిల్ రికార్డ్ చేయాలని ఫోన్‌ను హ్యాండిల్‌కు బిగిస్తున్నారా? మొదటి విషయం, హ్యాండిల్ తిరుగుతుంది కాబట్టి జైరో రీడింగ్‌లో ఆ కదలిక కూడా కలుస్తుంది. రెండోది ఇంకా ముఖ్యం. మోటార్‌సైకిల్ ఇంజిన్ల నుంచి వచ్చే గట్టి వైబ్రేషన్లకు ఎక్కువకాలం గురైతే ఐఫోన్ కెమెరా పనితీరు దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లోనే తన సపోర్ట్ పేజీలో చెప్పింది. కారణం, ఆప్టికల్ ఇమేజ్ స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ కోసం లెన్స్‌ను కదిలించే సున్నితమైన భాగాలు. ఇలాంటి కెమెరా ఉన్న ఏ ఫోన్‌కైనా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. తప్పనిసరైతే వైబ్రేషన్ డ్యాంపర్ ఉన్న మౌంట్ వాడండి, లేదంటే నావిగేషన్‌కు పాత ఫోన్ పెట్టుకోండి.

చివరిగా నా సలహా

కొత్త బైక్ కొంటుంటే స్పెక్స్‌లో పవర్, మైలేజీతో పాటు ఈ నాలుగూ చూడండి: ఫుట్‌రెస్ట్ ఎంత ఎత్తులో ఉంది, దాని తర్వాత తగిలే గట్టి భాగం ఏది, వెనక ప్రీలోడ్ మార్చుకోవచ్చా, కార్నరింగ్ ఏబీఎస్ ఉందా. క్రూయిజర్ తీసుకుంటే దాని 30 డిగ్రీలను అవమానంగా ఫీల్ అవ్వకండి. అది ఆ బైక్ డిజైన్, మీ టాలెంట్ కాదు.

పాత బైక్ అయితే ఈ ఆదివారం అరగంట కేటాయించి కర్ర టెస్ట్ చేయండి. ఎడమ ఎంత, కుడి ఎంత, ముందు తగిలేది ఏది, వార్నింగ్ గ్యాప్ ఎంత అని నాలుగు అంకెలు ఫోన్ నోట్స్‌లో రాసిపెట్టుకోండి. వచ్చే వారం ఘాట్ ఎక్కేటప్పుడు ఏ యాప్ మీటర్ కంటే ఆ నోట్సే మీకు ఎక్కువ పనికొస్తుంది.